పట్టభద్రుడి కూలి

"ఏం చదువుకున్నావు?"

"బి.ఏ. సారూ. సైకాలజీ."

పద్మనాభయ్య తలెత్తి చూశాడు. ఎదురుగా ఉన్న మనిషికి యాభై దాటి ఉంటాయి. మాసిన చొక్కా. పార పట్టి కాయలు కాసిన చేతులు.

ఆ ఏడు కార్తీకంలో వచ్చిన తుపాను, విడవలూరుకు తూర్పునున్న చేపలవాళ్ల పాలేన్ని ఊడ్చుకుపోయింది. మిగిలినవాళ్లకు నెల్లూరి ధర్మసంస్థ ఒకటి బడి ఆవరణలో గంజి పోస్తోంది. ఆ శిబిరానికి పద్మనాభయ్య మేనేజరు.

"అదేం చదువయ్యా?"

"మనిషి మనసు గురించిన చదువంట సారూ."

"దానికేం ఉద్యోగం వస్తుంది?"

"ఏమీ రాలేదు సారూ."

వంట మస్తానయ్య పకపకా నవ్వాడు. "టైపన్నా నేర్చుకోనుంటే గుమాస్తావయ్యుండేవాడివి గదన్నా!"

"గంజి పోస్తావా?" అన్నాడు పద్మనాభయ్య. "రోజుకో రూపాయి. కూలోళ్లకిచ్చేదే. బి.ఏ. అని పైసా ఎక్కువ రాదు."

"చాలు సారూ."

అతని పేరు జీవానందం. అల్లూరు దగ్గరి పల్లె నుంచి నడిచి వచ్చాడు.

పాలెంలో గురవమ్మ అనే ఆమె ఉంది. నీళ్లు ముంచెత్తిన రాత్రి ఇద్దరు పిల్లల్నీ చెరో చేత్తో పట్టుకుంది. తెల్లారేసరికి రెండు చేతులూ ఖాళీ. అప్పటినుంచి ఇసకలో సముద్రం వైపు తిరిగి కూర్చునే ఉంది. మాటల్లేవు. గంజి పెడితే ఈగలు తాగాల్సిందే.

జీవానందం వెళ్లి ఆమె పక్కన కూర్చున్నాడు.

ఏడవొద్దనలేదు. దేవుడున్నాడనలేదు. ఊరికే కూర్చున్నాడు.

కొన్నాళ్లకు ఆమే నోరు తెరిచింది.

"నేనే వదిలేసినానా అన్నా?"

"చెప్పమ్మా. ఇంటా ఉండా."

"చిన్నది అమ్మా అనింది. ఆ మాట ఇంకా ఇనపడతా ఉంది."

ఆ రోజు ఆమె రెండు గుక్కల గంజి తాగింది. మరి కొందరు ఆడవాళ్లు కూడా వచ్చి అతని దగ్గర కూర్చోవడం మొదలుపెట్టారు.

ఇక్కడ బడి దగ్గర గంజి వరస మాత్రం పెరిగిపోతోంది. గరిటె పట్టేవాడు లేడు.

పద్మనాభయ్య మండిపడ్డాడు. "నీకు జీతం దేనికి? గంజి పోసేదానికా, ఒడ్డున కూర్చునేదానికా?"

"సారూ, ఆ తల్లిని ఒంటిగా వదలబాకండి. నా మీద కోపమైతే ఇంకెవురినన్నా కూర్చోబెట్టండి."

"కూర్చున్నందుకు కూలి ఇచ్చేవాళ్లు ఈ దేశంలో లేరయ్యా!"

"కూలొద్దు. నన్ను ఊరికే ఉండనీండి."

"పని లేనోళ్లు శిబిరంలో ఉండకూడదు. రూలు. నీ బి.ఏ. తీసుకొని ఇంటికి పో."

జీవానందం గరిటె కడిగి బోర్లించాడు. ఒడ్డుకు వెళ్లి గురవమ్మతో ఏదో చెప్పాడు. వెళ్లిపోయాడు.

మర్నాడు గురవమ్మ తనంతట తానే బడి దాకా వచ్చింది.

"ఆ అన్న రాలేదా?"

"రాడు. పనిలోంచి తీసేశాం," అన్నాడు పద్మనాభయ్య.

ఆమె వచ్చిన దారినే వెనక్కి నడిచింది.

తర్వాతి పొద్దున వలలు వేసేవాళ్లు ఆమెను మోసుకొచ్చారు. సముద్రం పిల్లల్ని ఇవ్వలేదు గానీ, తల్లిని మాత్రం ఒడ్డుకు చేర్చింది.

ఆ వారమే సంస్థ ప్రెసిడెంటు గారు నెల్లూరు నుంచి వచ్చారు. పాలెం ఆడవాళ్లు ఆయన్ను చుట్టుముట్టారు. చీరలడగలేదు, బియ్యమడగలేదు.

"మా మాట ఇనే అన్నని పిలిపించండి సామీ," అన్నారు.

ప్రెసిడెంటు గారు అంతా విని పద్మనాభయ్య వైపు తిరిగారు. "సైకాలజీ చదివినవాడితో గంజి పోయించారా? ఇలాంటి చోటుకు కావలసిన చదువే అది. వెంటనే తీసుకురండి. పట్టభద్రుల జీతం ఇద్దాం. సర్టిఫికెట్టు మాత్రం చూడండి."

పద్మనాభయ్య సైకిలు మీద బయల్దేరాడు. దారి పొడుగునా గురవమ్మే కళ్లలో మెదిలింది.

జీవానందం భార్య ఎలిశబెతు వాకిట్లో నూకలు చెరుగుతోంది.

"లోపల పడుకోనుండాడు సారూ. ఆ గురవమ్మ సంగతి ఇన్నప్పట్నించి లేవలా."

తలుపులోంచి కనిపించాడు జీవానందం. గోడ వైపు తిరిగి ఉన్నాడు.

"పిలవమ్మా. ఇక కూలి కాదు, ఉద్యోగం. నెలకు నూటయాభై. ఆయన బి.ఏ. సర్టిఫికెట్టు కూడా తియ్యి."

ఎలిశబెతు చాట కింద పెట్టింది.

"ఆ చదువుకి అంతిస్తారా సారూ?"

"ఇస్తారమ్మా."

ఆమె నూకల్లోంచి ఒక రాయి ఏరి పారేసింది.

"ఆయన ఏలిముద్రగాడు సారూ. బి.ఏ. చదివింది మా బిడ్డ. సమాధానం అని పేరు. ఒక్కడే."

"అతనేడమ్మా?"

"పొయినేడు చెరువులో తేలినాడు."

పద్మనాభయ్య సైకిలు గోడకు ఆనించాడు.

"అప్పట్నించీ ఈయన ఇంతే. యాడ ఎవురు ఏడస్తా ఉన్నా పొయ్యి పక్కన కూర్చుంటాడు. నువ్వెవురయ్యా అంటే బిడ్డ చదువే తన చదువని చెప్తాడు."

"ఎంత మంచి తండ్రమ్మా!" అన్నాడు పద్మనాభయ్య.

ఎలిశబెతు లోపలికి ఒకసారి చూసి గొంతు తగ్గించింది.

"కూడు పెట్టని చదువు చదివినోడికి నా ఇంట్లో కూడు లేదని, ఆ దినం తింటా ఉన్న బిడ్డ ముందర్నించి పళ్లెం లాగేసింది ఈయనే సారూ."