ఉన్ని మనుషులు

"గుర్రం మీద మనిషి అలా కూర్చోడమ్మా," అన్నాడు ముసలాయన.

నారిన్ విసుగ్గా తలెత్తింది. పొద్దుటినుంచీ పాత ఉన్నిదుప్పట్లలో గడ్డి కూరి మనుషుల బొమ్మలు కుడుతోంది. దండులో మగవాళ్లు చాలనప్పుడు ఈ బొమ్మల్ని ఖాళీ గుర్రాలకు కట్టి గుట్ట మీద నిలబెడతారు. దూరంనుంచి చూసే శత్రువుకు దండు రెండింతలుగా కనిపిస్తుంది. ఆ పని ఆడవాళ్లది.

"మరెలా కూర్చుంటాడో?"

"కాస్త ఒక పక్కకి ఒరిగి. భుజాలు జారేసి. నువ్వు కట్టినవాడు పిల్లనడగడానికి వచ్చినట్టున్నాడు."

ఆడపడుచు ఖోజిన్ కిసుక్కున నవ్వింది. నారిన్‌కు ఒళ్లు మండింది.

ఆయన దారిన పోతూ, గుక్కెడు పులిసిన గుర్రప్పాల కోసం ఆగినవాడు. కాలు ఈడుస్తాడు. కుడిచెయ్యి భుజం దాటి లేవదు. విల్లు లేదు గానీ, మూత బిగించిన అమ్ములపొది మాత్రం నడుముకు వేలాడుతోంది.

"విల్లు లేనివాడికి అమ్ములపొది ఎందుకు పెద్దాయనా?" అంది ఖోజిన్.

"పారెయ్యడానికి చెయ్యి రాలేదమ్మా."

"నీ యాస మాది కాదే."

"పడమటివాణ్ణి. ఒకప్పుడు మీవాళ్లతో కొట్లాడినోళ్లమే. ఇప్పుడందరం ఒకే జెండా కింద ఉన్నాంగా." ఆయన మళ్లీ బొమ్మకేసి చూశాడు. "ఎంత బాగా కుట్టినా దీనికో లోపం ఉంది. బాణం తగిలితే మనిషి పడతాడు. బొమ్మ పడదు."

"అది నువ్వు చెప్పాలా నాకు?"

నారిన్ చేతిలోని ములికి పైకెత్తి చూపించింది. ఉన్నికి బెజ్జాలు పొడవడానికి ఆమె వాడేది ఆ పాత బాణపు మొనే. దాని చెంపన కాకికాలులా మూడు గీతలున్నాయి. ఏ విలుకాడి గుర్తు వాడిది, వేటలో జింక ఎవరిదో తేలాలి కదా.

"ఇది నా బొమ్మ కడుపులోంచి పీకిందే. ఎవడో వేగులవాడు గుట్ట కిందికొచ్చి ఒక్క బాణం వేసి చూశాడు. ఎవరూ పడలేదు. వాడికి సంగతి తెలిసిపోయింది. లోయలో ఉన్న పిడికెడుమందినీ చుట్టేసి చంపారు. మా ఆయన అందులోనే పోయాడు."

 నోటిదాకా వెళ్తున్న ముసలాయన పాలగిన్నె సగంలోనే ఆగిపోయింది.

ఆ పూటే వెళ్లాల్సిన ముసలాయన వెళ్లలేదు. మర్నాడూ వెళ్లలేదు. బొమ్మల భుజాలు ఒంచాడు, మెడలు వాల్చాడు. ఒకడి చేతికి మత్తెక్కించే ఆ గుర్రప్పాల తిత్తి కూడా కట్టాడు.

"తాగుబోతు లేని దండు ఎక్కడైనా ఉంటుందా?" అన్నాడు.

నారిన్‌కు నవ్వొచ్చింది గానీ ఆపుకుంది.

"వీడి వాలకం నాకు నచ్చలేదు వదినా," అంది ఖోజిన్ చాటుగా. "తిండి కోసం ఉన్నాడా, కూపీ లాగడానికి ఉన్నాడా?"

యుద్ధం రానే వచ్చింది. పెద్దదండు కొండ చుట్టూ తిరిగి శత్రువు వెనక్కి చేరాలి. అందాకా కొద్దిమంది విలుకాళ్లు లోయలో ఎదురు నిలిచి, బాణాలు వేస్తూ, పారిపోతున్నట్టు వెనక్కి తగ్గుతూ, శత్రువును ఆడించాలి. గుట్ట మీద దండు ఉందని నమ్మినంతసేపే శత్రువు గుంపుగా మీద పడడు. ఆ కొద్దిమందిలో నారిన్ ఒక్కగానొక్క కొడుకు సుగెయ్ ఉన్నాడు.

"నాకూ ఒక గుర్రం ఇవ్వమ్మా. వరుసలో నిలబడతాను," అన్నాడు ముసలాయన.

"చెయ్యి లేవనివాడివి. నువ్వు నిలబడితే ఎంత, బొమ్మ నిలబడితే ఎంత?"

"అంతే కదా."

నొచ్చుకున్నట్టు కూడా లేదు. ఒక బొమ్మను విప్పి దింపి, దాని చోట తనెక్కాడు. అమ్ములపొది నారిన్ కాళ్ల దగ్గర పెట్టాడు.

"బరువుగా ఉంది. ఇక్కడుంచు."

పొద్దెక్కాక ఇద్దరు వేగులవాళ్లు గుట్ట కిందికి వచ్చారు. నారిన్, ఖోజిన్ గుర్రాల వెనక నక్కారు. వేగుల్లో ఒకడు విల్లెత్తాడు. పిల్లనడగడానికి వచ్చినట్టున్న ఆ బొమ్మ ఛాతీలో బాణం దిగింది.

బొమ్మ పడలేదు.

వేగులవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. నారిన్ లోయకేసి చూసింది. మళ్లీ అదే గుట్ట, అదే లోయ, ఈసారి కొడుకు.

అప్పుడు వరుసలోంచి ముసలాయన గుర్రం కదిలింది. నేరుగా వాళ్లవైపే దిగుతోంది.

"చెప్పానా వదినా. మనల్ని అమ్మేస్తున్నాడు."

"ముదనష్టపోడు," అని పళ్లు నూరింది నారిన్. చేతిలో విల్లుంటే తనే వేసేసేది.

రెండో బాణం వచ్చింది. ముసలాయన గుర్రం మీంచి పడ్డాడు. కళ్లెం పట్టుకుని లేవబోయి మళ్లీ పడ్డాడు. గుట్టకేసి తిరిగి, ఉన్న ఊపిరంతా కూడదీసుకుని కేకేశాడు.

"ఎవరూ కదలొద్దు. తగిలినా సరే కదలొద్దు. బూర ఊదేదాకా ఆగండి."

ఉన్ని మనుషులు ఆయన మాట విన్నారు. ఒక్కడూ కదల్లేదు. వేగులవాళ్లు గుర్రాలు తిప్పి పరుగు తీశారు.

సాయంత్రానికి సుగెయ్ ప్రాణాలతో తిరిగొచ్చాడు. ముసలాయన శవాన్ని గుట్ట మీదే పడుకోబెట్టారు.

"ఎవరమ్మా ఈయన?"

"తెలీదురా. పేరన్నా అడగలేదు," అంది నారిన్. తను తిట్టిన తిట్టు గుర్తొచ్చి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే ఆయన టోపీ సర్దింది.

పోయినవాడి బాణాలు పోయినవాడి పక్కన ఉండాలి. సుగెయ్ అమ్ములపొది మూత విప్పి లోపలికి చూశాడు.

"అమ్మా, కాకికాలు గుర్తున్న నీ ములికి ఇందులో పెట్టావేంటి?"

నారిన్ చెయ్యి నడుము దగ్గరికి వెళ్లింది. ఆమె ములికి ఆమె దగ్గరే ఉంది.