బెత్తెడు దారం

"ఆ డబ్బా ముందు బయట పెట్టండి సార్! నా స్టూడియోలోకి పురుగులా?"

గవర్నర్‌పేటలో ఫోటో స్టూడియో నడిపే తిరుపతిరావు కుర్చీలోంచి లేచి నిలబడ్డాడు.

సంజీవరావు కదల్లేదు. అతని చేతిలో డాల్డా డబ్బా, దాని మూతికి కట్టిన పాత పంచె గుడ్డ. లోపల ఒక వరి దుబ్బు. దుబ్బు మొదట్లో నువ్వుగింజంత గోధుమరంగు పురుగులు వందలకొద్దీ ఉన్నాయి.

"ఇది నాలుగో స్టూడియోనండీ. ఒక్క ఫోటో తీసిపెట్టండి. కాళ్ళూ రెక్కలూ కనపడాలి."

"పెళ్ళికూతుర్ని తీయమంటే తీస్తా. నువ్వుగింజకి కాళ్ళెట్టా తీసేది? దానికి వేరే లెన్సుంటది. మద్రాసు పోవాల."

మద్రాసు పోయిరావడానికి వ్యవధి ఎక్కడిది?

సంజీవరావు వ్యవసాయాఫీసులో టెంపరరీ ఉద్యోగి. వాళ్ళ వంశంలో మొదటి బి.ఎస్సీ. అతని మాట నమ్మి ఒక ఊరంతా కొత్త రకం వరి వేసింది. తీరా ఈనే వేళకు చేలు సుడులు సుడులుగా మాడిపోయాయి. పురుగు పట్టిందని అతను రాస్తే, "పురుగూ లేదు, పుట్రా లేదు. నువ్వే యూరియా ఎక్కువ వేయించి మాడ్చావు" అని ఆఫీసరు మెమో ఇచ్చాడు. సీసాలో పట్టుకెళ్ళిన పురుగులు ఎండి నలుసులైతే, "ఇట్లాంటివి మా ఇంట్లోనూ ఉన్నయ్" అని ఊదేశాడు. రేపు సాయంత్రంలోగా, ఫైల్లో పెట్టి హైదరాబాదు పంపేలా ఫోటో రుజువు చూపకపోతే ఉద్యోగం ఊడుతుంది.

పోనీ ఆ ఊళ్ళోకి వెళ్దామంటే, బస్సు దిగే చోటే రైతులు కాపు కాసి ఉన్నారు.

ముందుకు పోలేడు, వెనక్కి రాలేడు.

"బాబూ, మీ మెళ్ళో ఉన్న కెమెరా చాలదా?"

గోడవార బెంచీ మీద కూర్చున్న ముసలాయన అడిగాడు. సోడాబుడ్డి కళ్ళద్దాలు, భుజం మీద తుండుగుడ్డ.

"ఇదా? స్నేహితుణ్ణి అడిగి తెచ్చిన పెట్టె కెమెరా పెద్దాయనా. ఆరడుగుల లోపల ఏది పెట్టినా అలుక్కుపోతుంది. నువ్వేం చదివావేంటి?"

"సంతకం వరకూ బాబూ."

తిరుపతిరావు నవ్వాడు. "ఆయనంతే లెండి. రోజూ వచ్చి నా ఫ్యాను కింద కూర్చుని నాకే ఫోటోలు నేర్పుతాడు."

సంజీవరావుకి ఒళ్ళు మండింది. "మా కాలేజీ పుస్తకంలో కాండం తొలిచే పురుగు ఫోటో ఉంటుంది. అట్లా రావాలి! మూలన రాలిపడ్డ పురుగు మీసం కూడా, చివర బొడిపెతో సహా కనిపిస్తుంది అందులో. నేనది రికార్డులో గీసి పదికి పది తెచ్చుకున్నా."

"మీసమా!"

ముసలాయన నోటికి తుండుగుడ్డ అడ్డం పెట్టుకున్నాడు. దగ్గో నవ్వో తెలియలేదు.

తరువాత కళ్ళద్దాలు తీసి, కుడివైపు అద్దాన్ని ఫ్రేములోంచి వేళ్ళతో నొక్కి ఊడదీశాడు.

"అయ్యో, అదేంటి?"

"శుక్లాల ఆపరేషన్ అద్దం బాబూ. లావుగా ఉండాదిగా, పనికొస్తది."

దాన్ని వీధి గుమ్మానికి ఎదురుగా, గోడకు దగ్గరగా పట్టుకుని ముందుకూ వెనక్కూ జరిపాడు. గోడ మీద గుమ్మమూ, వీధీ, వీధిలో పోయే రిక్షా తలకిందులుగా, అరచేతిలో పట్టేంత, స్పష్టంగా పడ్డాయి.

"అదిగో, ఆ దూరమే."

జేబులోంచి దారం తీసి గోడకూ అద్దానికీ మధ్య కొలిచాడు. బెత్తెడు. చివర రెండు మెలికల ముడి వేసి, పక్కకు చిన్న కొస వదిలాడు. అద్దాన్ని కెమెరా కంటికి ప్లాస్టరుతో అంటించి, దారం రెండో కొసని అక్కడే కట్టాడు.

పెరట్లో ఎండ కాస్తోంది. ఇటుకల మీద కెమెరా, ఎదురుగా దుబ్బు, దుబ్బు మొదట్లోకి వెలుతురు కొట్టడానికి గడ్డం గీసుకునే అద్దం ముక్క.

"కెమెరా కిటికీలోంచి చూడబాకండి, అది అబద్ధం చెప్తది. ముడి పురుక్కి తగలాల. తగిలాక దారం పక్కకి లాగి మీట నొక్కండి."

పన్నెండు ఫోటోలు తీశాడు సంజీవరావు. చివరిదానికి కంగారులో దారం సరిగ్గా లాగలేదు.

"మరి నీ అద్దం?"

"ఉంచుకోండి బాబూ. మీరు చూడాల్సిన పురుగులు ఇంకా ఉంటయ్. నాకు ఒక కన్ను చాల్లే."

రీలు ఎప్పుడు కడిగి ఇస్తారోనన్న ఆత్రంలో సంజీవరావు అతని పేరు కూడా అడగలేదు.

మర్నాడు సంజీవరావు ఆఫీసరు బల్ల మీద ఫోటో పెట్టాడు. పన్నెండిట్లో కుదిరింది ఆ చివరిదొక్కటే; మిగతావి దారం లాగినప్పుడు కెమెరా జరిగి అలుక్కుపోయాయి. కాళ్ళు, రెక్కలు, కాండంలో దిగిన ముక్కు. ఆఫీసరు వేలు పెట్టి కాళ్ళు లెక్కపెట్టాడు. మెమో వెనక్కి తీసుకున్నాడు. ఫోటో హైదరాబాదు వెళ్ళింది. దాని వెనక "ఫోటో: సంజీవరావు, బి.ఎస్సీ." అని రాసి ఉంది.

నెల తరువాత అరటిపళ్ళూ, కాగితంలో చుట్టిన అద్దమూ పట్టుకుని అతను స్టూడియోకి వచ్చాడు. బెంచీ ఖాళీగా ఉంది.

"జీవరత్నం గారా?" తిరుపతిరావు గొంతు తగ్గింది. "పోయిన ఆదివారమే సమాధుల తోటకు మోసుకెళ్ళామండీ. నిద్దట్లోనే పోయాడు. పాపం, వ్యవసాయ కాలేజీలో పురుగుల సీసాలు తుడిచే అటెండరుగా చేసి రిటైరయ్యాడు."

"కాలేజీలోనా?"

"మీ దగ్గర్నుంచి కబురొచ్చిందా అని రెండు మూడుసార్లు అడిగాడు. ఒంటి అద్దంతోనే తిరిగాడు చివరిదాకా."

సంజీవరావు పటమటలోని తన గదికి నడిచే వచ్చాడు. తన దగ్గరున్న రెండో ప్రింటు దాచుకోవడానికి ట్రంకు పెట్టెలోంచి కాలేజీ పుస్తకం తీశాడు. మొదటి పేజీలో, ఫోటోలు కూడా రచయితే తీసినట్టు ప్రొఫెసరు గారి పేరు అచ్చయి ఉంది.

కాండం తొలిచే పురుగు ఫోటో ఉన్న పేజీ తీసి, దాని పక్కన ప్రింటు పెట్టాడు.

అతని ఫోటో మూలన సరిగ్గా లాగని దారం, దాని కొసన ముడి. పుస్తకంలోని ఫోటో మూలన, తను మీసమని గీసి పదికి పది తెచ్చుకున్న గీత చివరనా, రెండు మెలికలతో, పక్కకు చిన్న కొస వదిలిన అదే ముడి.