మంటలో రెండు రాళ్ళు

“రెండూ కాల్చెయ్ బంగార్రాజూ. ఏది నిజమో ఏది దొంగో అదే తేలుతుంది,” అంది మంగతాయారు.

బంగార్రాజు గ్యాస్ మంట గొట్టం చేత్తో పట్టుకుని నీళ్ళు నమిలాడు. “మాది చిలకలపూడి కవరింగ్ పనండీ అక్కగారూ. గాజురాళ్ళు పొదిగే చెయ్యి. వజ్రానికి మంట పెట్టడం మా తాతల నాడు కూడా లేదండి.”

“నిజమైన వజ్రాన్ని నిప్పేం చేస్తుందయ్యా? భూమి అడుగున అంత వేడిలో, అంత బరువు కింద నలిగి పుట్టిందిట. మా భవితే చెప్పింది. గుడివాడ కాలేజీలో పిల్లలకి ఆ పాఠాలే చెబుతుంది మహాతల్లి.”

భవిత ఆమె తోటికోడలు. అత్తగారు కోడళ్ళిద్దరికీ ఒకే అచ్చులో పోసినట్టున్న ఒంటిరాయి ముక్కుపుడకలు ఇచ్చి, “రెండూ వజ్రాలేనే” అన్నారు. కానీ చిన్నకోడలి రాయే ఎక్కువ మెరుస్తోందని మంగతాయారుకి అన్నం సహించడం లేదు. పాలిష్ పెట్టిస్తానని తియ్యగా అడిగి భవితది తీసుకుంది. తనదీ కలిపి ఇక్కడికి పట్టుకొచ్చింది.

బంగార్రాజు రాళ్ళు ఊడదీసి ఇటుకముక్క మీద పెట్టాడు. “కుడిది మీదండి, ఎడమది చిన్నమ్మగారిదండి. బాగా గుర్తుపెట్టుకోండి మరి.”

మంట బుస్సుమంది. రాళ్ళు ఎర్రబడ్డాయి. అవి చల్లారగానే మంగతాయారు ముందుకు వంగింది. చూస్తే, ఎడమది తెల్లబారి ఉప్పుకల్లులా తయారైంది. కుడిది చెక్కుచెదరకుండా ధగధగలాడుతోంది.

“చూశావా! మా అత్తగారు దేవతయ్యా. అసలుది పెద్దకోడలికే ఇచ్చారు!”

పాలిష్ ఎంతవరకు వచ్చిందో చూద్దామని బస్సు దిగి నేరుగా వచ్చిన భవిత గుమ్మంలోనే నిలబడిపోయింది.

“ఏం చేశారక్కా?”

“పరీక్ష చేయించాను. నీది తేలిపోయిందమ్మా, పాపం. బాధపడకు. గాజైతేనేం, ఇన్నాళ్ళూ నీ ముక్కుకి బాగానే ఉందిగా.”

భవిత తెల్లబారిన రాయిని అరచేతిలో పెట్టుకుని స్టూలు మీద కూలబడింది. “వజ్రమంటే బొగ్గేనక్కా. భూమి లోపల, గాలి తగలకుండా, ఆ బరువు నొక్కిపెట్టి ఉన్నంతకాలం ఎంత వేడైనా ఓర్చుకుంటుంది. పైకి తెచ్చి గాలిలో ఇంత మంట పెడితే బొగ్గులాగే కాలిపోతుంది. కాలకుండా మిగిలిందే, అదీ అమెరికన్ డైమండు. ఫ్యాక్టరీలో దాదాపు మూడువేల డిగ్రీల దగ్గర కరిగించి చేస్తారు. ఈ మంట దానికి వేణ్ణీళ్ళ స్నానం.”

మంగతాయారు కడుపు మళ్ళీ భగ్గుమంది. “అంటే వజ్రం నీకిచ్చి, నాకీ దొంగరాయి అంటగట్టారా?” అంది. ఉప్పుకల్లు వంక ఇంకోసారి చూశాక కడుపు కాస్త చల్లబడింది. “పోన్లే, కాలితే కాలింది. ఇప్పుడు ఇద్దరం సమానమే.”

భవిత ఆ తెల్లబారిన రాయిని మంగతాయారు చేతిలో పెట్టింది.

“అత్తయ్య అసలుది మీకే ఇచ్చారక్కా. నాది మా ల్యాబులో పరీక్షిస్తే దొంగదని తేలింది. ఓర్వలేక... మొన్న జలుబుకి ముక్కు వాచి మీరు పుడక తీసి అద్దం దగ్గర పెట్టారే, అప్పుడు నేనే మార్చేసుకున్నాను.”