ఉన్న ఒక్క ఫిల్మ్

“ఏంది సార్ గిది? రాయికి ఎక్స్‌రేనా?”

ఖుద్దూస్‌కు నవ్వాలో తిట్టాలో తెలియలేదు.

కొల్లాపూర్ దవాఖాన ఎదురుగా ఆయన ఎక్స్‌రే గది పెట్టి చాలా ఏళ్ళయింది. విరిగిన చేతులు వచ్చాయి, గుండుసూది మింగిన పిల్లలు వచ్చారు. రాయి రావడం మాత్రం ఈ ఎనభై ఏడు ఎండాకాలంలోనే.

తెచ్చిన మనిషికి యాభై దాటి ఉంటాయి. ఊరికి కొత్త. చేతిలో పట్టుగుడ్డ, అందులో నల్లటి సాలగ్రామం.

“ఉన్నది ఒక్కటే ఫిల్మ్ సార్. మళ్ల సరుకు గురువారమే.”

“డాక్టరు గారు ఒక ఛాతీ ఎక్స్‌రే తీయించమని పంపారు. ఆ ఫిల్మ్ దీనికి వాడండి. ఛాతీది గురువారం చూద్దాం.”

“పేషెంటు ఒప్పుకోవద్దా?”

“పేషెంటుకు ఇష్టమే.”

ఖుద్దూస్ గుమ్మంలోంచి చూశాడు. బయట బల్ల మీద ఒక ముసలమ్మ గోడకు ఆనుకుని దగ్గుతోంది. ఇందాక ఇద్దరూ ఒకేసారి మెట్లెక్కారు. ఆమెకు బల్ల చూపించింది ఈయనే.

ఖుద్దూస్‌కు ఒళ్ళు మండింది.

“పాపం తగలదా సార్?”

“తగులుతుందేమో. కానీ ఈ రాయి రేపు ఉండదు.”

ఆ మనిషి స్టూలు మీద కూలబడ్డాడు. ఎండలో నడిచొచ్చిన ఆయాసం అనుకున్నాడు ఖుద్దూస్.

“ఇది శ్యామలమ్మగారింట్లోది. పెద్దాయన పోయారు. రోజూ పూజ చేసేవాళ్ళు లేరని రేపు పొద్దున కృష్ణలో వదిలేస్తున్నారు. దీపాల వేళకు తిరిగిస్తానని మాటిచ్చి తెచ్చాను.”

“వదిలితె వదలనియ్యి. రాయే గద.”

“ఒకప్పుడు సముద్రంలో బతికిన జీవి గుల్ల అండీ ఇది. గది పక్కన గది కట్టుకుంటూ, వెనక గది మూసేస్తూ పెరిగింది. మొట్టమొదటి గది నట్టనడుమ ఉంటుంది, ఆవగింజంత. అది చూడాలంటే ఇన్నాళ్ళూ రాయిని కోయాల్సిందే. దేవుణ్ణి కోస్తానంటే ఎవరిస్తారు?”

ఖుద్దూస్ కొంచెం మెత్తబడ్డాడు. అయినా చెయ్యి చాపలేదు.

“దేవుడు గద. నేను ముట్టచ్చా?”

“అడిగే తెచ్చాను. ‘ఖుద్దూసే కదా, నా మోకాళ్ళకు ఫొటో తీసినవాడే, తీయమనండి’ అన్నారు శ్యామలమ్మగారు.”

ఆ మాటతో ఖుద్దూస్ వెళ్ళి చేతులు కడుక్కొచ్చాడు. పట్టుగుడ్డతో సహా రాయిని పలక మీద పెట్టాడు. స్విచ్ దగ్గరికి వెళ్ళి, అలవాటు కొద్దీ, “ఊపిరి బిగబట్టు!” అని అరిచాడు.

అంత బుద్ధిగా మాట విన్న పేషెంటు ఆయనకు అంతవరకు దొరకలేదు.

చీకటి గదిలోంచి తడి ఫిల్మ్ బయటికొచ్చింది. వెలుగుకు ఎత్తి పట్టుకుంటే, జంతిక చుట్టులా తిరుగుతూ చిన్న చిన్న గదులు. నడుమ చుక్కంత గది. బయటికి వచ్చేకొద్దీ పెద్దవి.

“ఇక్కడిదాకా లావుగా గుండ్రంగా పెరిగింది, చూశారా? ఇక్కణ్ణుంచి పలచబడింది. చిన్నప్పుడు ఒక తీరు, పెద్దయ్యాక ఇంకో తీరు. ఇరవై ఏళ్ళుగా ఈ గుల్లల మీదే పనిచేస్తున్నాను, నాకిది అనుమానమే. రాయికి గీత పడకుండా ఇవాళ కంటితో చూశాను.”

ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

రాయికి ఏడ్చేవాడికి బయట దగ్గే ముసలమ్మ కనబడదా అనుకుని ఖుద్దూస్ పళ్ళు నూరాడు. ఆ కోపంలో ఆయన పేరైనా అడగలేదు.

“ఫిల్మ్ ఆరనివ్వండి. గురువారం వచ్చి తీసుకుంటాను. ఛాతీది కూడా అప్పుడే.”

ఆయన సాలగ్రామాన్ని గుండెకు హత్తుకుని మెట్లు దిగాడు. బల్ల వైపు తిరిగి కూడా చూడలేదు.

“ఏం మనిషో!” అన్నాడు ఖుద్దూస్, వినబడేలాగానే.

గురువారం ఫిల్ములొచ్చాయి. ఆ మనిషి రాలేదు.

మధ్యాహ్నం దవాఖాన గేటులోంచి ముసలమ్మ వస్తూ కనబడింది. ఖుద్దూస్ ఎదురెళ్ళాడు.

“రా అవ్వా. మొదటి ఫిల్మ్ నీకోసమే తీసి పెట్టిన. ఆ సారు రాకున్నా మంచిదే, నేను తీస్త.”

“నాకేం ఫొటో బిడ్డా?”

“ఛాతీది. డాక్టర్ రాసిండు గద.”

“నాకెవరు రాస్తరు? మా బిడ్డ కాన్పుకు వచ్చిన. ఆ దినం జర నీడకని గీడ కూసున్న. నీళ్ళు పడక దగ్గు, గంతే.”



“మరి నీతోని వచ్చిన సారు?”

“నాతోని రాలే. మెట్లకాడ కలిసిండు. ‘మీరు కూర్చోండమ్మా’ అని జాగా ఇచ్చిండు. మంచోడు, పాపం. నిన్న పొద్దుగాల మోసుకొచ్చి మా పక్క వార్డుల పండబెట్టిండ్రు. గంట గూడ ఉండలే, పాయె.”

ఖుద్దూస్ వెనక్కి వచ్చి, ఆ రోజు ఆమె కూర్చున్న బల్ల మీదే కూలబడ్డాడు. గదిలో తీగకు ఆరిన ఫిల్మ్ వేలాడుతోంది. అది ఎవరికివ్వాలో ఇప్పుడు చెప్పేవాళ్ళు లేరు.

ముసలమ్మ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

“డాక్టరు తల పట్టుకుండు బిడ్డా. ‘సోమవారమే ఛాతీ ఫొటో తీయించుకొని రమ్మని పంపితి, గీ సారు ఎందుకు తీయించుకోలేదో’ అని.”