పేజీలు తిప్పే పిల్ల

"నిజం చెప్పండి బొగ్నా. ఇవాళ తాగారా?"

టీ పోస్తున్న బొగ్నా చెయ్యి ఆగింది. గ్లాసు అంచు లోపలికి పెట్టిన వేలు తీసి ఏప్రన్‌కి తుడుచుకుంది.

"మందు ముట్టను మేడమ్. మా నాన్న తాగి తాగే పోయాడు. ఆ వాసనకే నాకు వాంతి వస్తుంది."

లుద్మిలా కోర్టు పంపగా వచ్చిన మనిషి. ఆరేళ్ళ హెల్కా తల్లి దగ్గర ఉండాలా, అనాథాశ్రమానికి పోవాలా అన్నది ఆవిడ రాసే నాలుగు ముక్కల మీద ఉంది. తార్నుఫ్ ఊళ్ళో ఎవరింటికి ఎవరు వెళ్ళినా చేసినట్టే, ఆవిడా గుమ్మంలో బూట్లు విప్పి, అక్కడ పెట్టి ఉన్న ఉన్ని చెప్పులు తొడుక్కుని లోపలికి వచ్చింది. వెనకాలే తలుపు వేసి వస్తూ బొగ్నా ఆ బూట్లకే తట్టుకుని తూలింది. గోడ పట్టుకుని నిలదొక్కుకుంది. లుద్మిలా అది చూసి కాగితం మీద ఏదో గీసుకుంది.

"కింది అంతస్తు గ్రాజినా గారు ఫిర్యాదు పెట్టారు. మెట్ల మీద ఎదురుపడ్డా పలకరించరటగా?"

"ఏదో ఆలోచనలో ఉంటాను మేడమ్."

"పాప పేరున్న పునీతురాలి పండగకి మీరు పంపిన కేకులో చక్కెరకి బదులు ఉప్పు వేశారట."

"తప్పే. ఆ రోజు కంగారులో ఉన్నాను."

"స్కూలు నుంచి పిల్లే మిమ్మల్ని చెయ్యి పట్టుకుని ఇంటికి లాక్కొస్తోందట. తాగినవాళ్ళని లాక్కొచ్చినట్టు."

పక్క గదిలోంచి హెల్కా అరిచింది. "మా అమ్మ తాగదు! తాగేది ఆ గ్రాజినా ముసలమ్మే! చెర్రీ సారా! సీసా కుక్క పరుపు కింద దాస్తుంది, నేను చూశా!"

"హెల్కా! పెద్దవాళ్ళని అలా అంటారా?"

"దాస్తే దాస్తుంది అనకూడదా?"

లుద్మిలా పెదాల మీదికి నవ్వు వచ్చి, మళ్ళీ పోయింది. గదిలోంచి సంచీ జిప్పు లాగిన చప్పుడు వినిపించింది.

"ఏం చేస్తోంది?"

"స్కూలు సంచీ సర్దుకుంటోంది. పొద్దుట లేచిన దగ్గర్నుంచీ అదే పని."

"ఇవాళ శనివారం కదా."

బొగ్నా టీ గ్లాసుని బల్ల అంచు తడుముతూ ముందుకు జరిపింది.

"పాపకి ఏమైనా చదివి వినిపిస్తారా?"

ఆ మాటకి బొగ్నా ముఖం వెలిగింది. "రోజూ మేడమ్. నా చదువు ఎనిమిదితో ఆగిపోయింది గానీ, బొమ్మల పుస్తకం మాత్రం ఒక్క రోజు మానలేదు. దానికి ఎలుగుబంటి కథంటే ప్రాణం."

"అయితే చదవండి, నేనూ వింటాను. తాగినవాళ్ళు రెండు పేజీలు కూడా తిన్నగా చదవలేరు. నాలుక మడతపడుతుంది. చాలామందిని చూశాను."

హెల్కా పరుగున వచ్చింది. "పేజీలు నేను తిప్పుతా! అది నా పని!"

"నువ్వు గదిలో ఉండు తల్లీ. తలుపు వేసుకో," అంది లుద్మిలా.

"కాదు, అమ్మా, ఆ పుస్తకం..."

"వెళ్ళమన్నానా?" లుద్మిలా గొంతు పెంచింది.

"వెళ్ళు బంగారూ," అంది బొగ్నా. "నేను చదవగలను."

కిటికీ పక్క అరలో పిల్లల పుస్తకాలు వరసగా నిలబెట్టి ఉన్నాయి. అన్నీ గట్టి అట్టలవి, ఒకే సైజువి. బొగ్నా ఎడమ చివర ఉన్నది లాగి, వచ్చి కూర్చుని, ఒళ్ళో తెరుచుకుంది.

"'అమ్మా, మంచు దట్టంగా పడితే నన్నెలా వెతుకుతావు?' అని అడిగింది పిల్ల ఎలుగు. 'నీ వాసన పట్టుకుని వస్తా' అంది తల్లి." పేజీ తిప్పింది. "'గాలి వాసన్ని ఎత్తుకుపోతే?' 'నీ అడుగుల చప్పుడు విని వస్తా.'"

ఎక్కడా తడబాటు లేదు. పిల్ల ఎలుగుకి ఒక గొంతు, తల్లికి ఒక గొంతు. లుద్మిలా మొదట కాగితం మీద రాసుకుంటూ విన్నది. తర్వాత కలం పక్కన పెట్టింది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, పుస్తకం మీదికి వంగింది.

"పిల్ల ఎలుగు మెడలో మఫ్లరు ఏ రంగుది?" నెమ్మదిగా అడిగింది.

"ఎర్రది మేడమ్. ఇదిగో." బొగ్నా పేజీ మధ్యలో వేలు పెట్టింది.

లుద్మిలా ఆ వేలి వంక చాలాసేపు చూసింది. "ఎర్రదే. చదవండి, పూర్తి చెయ్యండి."

బొగ్నా చివరి పేజీ దాకా చదివింది. "'నువ్వు ఎంత దూరం పోయినా నువ్వు నా పిల్లవే' అంది తల్లి. కథ కంచికి." పుస్తకం మూసి బల్ల మీద పెట్టింది. "ఇప్పుడు నమ్ముతారా మేడమ్?"

"మీరు తాగరు. ఆ ముక్క రాస్తాను."

"అమ్మయ్య! దేవుడు మిమ్మల్ని చల్లగా చూడాలి."

"మిగతాది కూడా రాయాలి బొగ్నా. నేను చూసింది నేను రాయకుండా ఉండలేను."

"మిగతాదా? ఏమిటది?"

లుద్మిలా టీ ముట్టుకోకుండానే లేచి, "హెల్కా, ఇలా రామ్మా," అని పిలిచింది.

పిల్ల వచ్చింది. కోటు గుండీలన్నీ పెట్టుకుని ఉంది. సంచీ భుజానికి తగిలించుకుని ఉంది.

"నన్ను తీసుకుపోతారని ముందే సర్దుకున్నా," అంది. "బొమ్మలేమీ తీసుకోలేదమ్మా, ఒక్కటే పెట్టుకున్నా. నీ గొంతు గుర్తుండాలని."

జిప్పు లాగి, లోపలున్నది తీసి తల్లి చేతుల్లో పెట్టింది. బల్ల మీద బొగ్నా మూసి పెట్టిన పుస్తకం అట్ట మీద ఉన్నది రైలు బొమ్మ.

ఎలుగుబంటి పుస్తకం పొద్దుటి నుంచీ ఆ సంచీలోనే ఉంది.