ఆరోగ్యమ్మ గంట

"ఎన్ని కొట్టాలో తేల్చి చెప్పండి మాస్టారూ," అన్నాడు చర్చి గంట తాడు పట్టుకున్న జ్ఞానయ్య. "చేతులు లాగేస్తున్నాయి."

ఇంకా ఒక్కసారి కూడా కొట్టలేదు. పట్టుకుని నిలబడినందుకే ఆ బాధ.

జగ్గయ్యపేట దగ్గర ఆ పల్లెలో ఎవరు పోయినా, ఎన్నేళ్లు బతికితే అన్నిసార్లు గంట కొడతారు. ఆఖరిది మోగగానే పెట్టె లేపుతారు. అప్పటిదాకా కదపరు. వరప్రసాదరావు అమ్మమ్మ ఆరోగ్యమ్మ తెల్లారేసరికి నిద్రలోనే పోయింది. చర్చి ముందు పందిరి కింద పెట్టె సిద్ధంగా ఉంది. పాటలయ్యాయి, ప్రార్థనలయ్యాయి, పొద్దు పడమటికి వాలింది. ఆమె వయసెంతో మాత్రం తేలలేదు.

వరప్రసాదరావు నందిగామలో లెక్కల మాస్టారు. ఆయన లెక్కలో అమ్మమ్మకి నూరేళ్లు. తల్లి లేని తనని చంకనేసుకుని పెంచిన మనిషికి నూటికి ఒక్కటి తగ్గినా ఊరుకునేట్టు లేడు. దానికితోడు కిందటేడు పోయిన పున్నమ్మకి తొంభై రెండు కొట్టారు. ఆ తొంభై రెండూ ఆవిడ కొడుకు రత్తయ్య నోట్లో ఇప్పటికీ మోగుతూనే ఉన్నాయి.

"మీ అమ్మమ్మ మా అమ్మని అక్కా అని పిలిచేది," అన్నాడు రత్తయ్య. "పిలిచినావిడ పెద్దదెట్టా అవుద్ది?"

"అది వరస మావయ్యా, వయసు కాదు," అన్నాడు వరప్రసాదరావు.

ఇక తలా ఒక లెక్క తీశారు. బెజవాడలో రైలు వంతెన కట్టేటప్పుడు తట్టలు మోశానని ఆరోగ్యమ్మ చెప్పేదని ఒకరన్నారు. మోసేనాటికే చంకలో బిడ్డ ఉందని ఇంకొకరన్నారు. నూరేళ్ల కిందటి ధాత కరువులో పోసిన గంజి రుచి ఇంకా నాలిక మీద ఉందనేది కాబట్టి అప్పటికే పుట్టి ఉండాలన్నారు. ఆ గంజి తాగింది వాళ్లమ్మట, ఈవిడ విన్నది చెప్పేదట అని కొట్టిపారేశారు మరికొందరు. ఆరోగ్యమ్మ కూడా తక్కువది కాదు. ఎండుచేపలు అమ్ముకునేవాడు మామ్మగారూ అని పిలిస్తే అరవైకి దిగేది. బస్సులో సీటివ్వకపోతే తొంభైకి ఎక్కేది. అలాంటి మనిషి వయసు తేల్చడం అయ్యేపనేనా?

పాస్టరు ప్రేమానందం అయ్యగారు పెద్దమనిషి తరహాగా, ఎనభై ఐదు కొట్టించి ముగిద్దామన్నారు. వరప్రసాదరావుకి కళ్లలో నీళ్లు తిరిగాయి.

"వంకాయల బేరమా అయ్యగారూ ఇది? ఆవిడ బతికిన ఏడాది ఒక్కటి కూడా నేను వదులుకోను."



అంతలో రోడ్డు మీద నందిగామ బస్సు ఆగింది. చెవిటికల్లు నుంచి బయల్దేరిన లూర్దమ్మ కర్ర పోటేసుకుంటూ దిగింది. ఆరోగ్యమ్మ తోబుట్టువుల్లో మిగిలింది ఈ అక్క ఒక్కతే. చెల్లెలు పుట్టినప్పుడు కళ్లారా చూసిన మనిషి రావడంతో అందరికీ ప్రాణం లేచొచ్చింది. జ్ఞానయ్యకి మరీను.

లూర్దమ్మ ఏడవలేదు. కర్ర పక్కన పడేసి, పెట్టె దగ్గర చతికిలబడి, చెల్లెలి నుదుటి మీది వెంట్రుకలు సర్ది, చెయ్యి తన చేతిలోకి తీసుకుంది. వరప్రసాదరావు పక్కన కూచుని తమ ఊరి పద్ధతి చెప్పాడు. గంట అయితేగాని పెట్టె లేవదనీ, ఎన్ని కొట్టాలో ఆవిడే చెప్పాలనీ అన్నాడు. ఆవిడ పెట్టె వైపోసారి, గంట వైపోసారి చూసింది.

"కొట్టమను. నేను ఆపమన్నప్పుడు ఆపాలి."

గంట మొదలైంది. జనం సద్దుమణిగారు. ఒక్కో దెబ్బకీ ఎవరికేది గుర్తొస్తే అది చెప్పుకున్నారు. జ్వరమొస్తే ఆరోగ్యమ్మ పెట్టిన మిరియాల చారు, కొట్టడానికి కాక బెదిరించడానికే పట్టుకున్న చీపురు, రాగం తప్పినా గొంతు తగ్గించకుండా పాడిన కీర్తనలు. కొందరు నవ్వారు, కొందరు కొంగు కళ్లకద్దుకున్నారు.

తొంభై రెండు దాటింది. రత్తయ్య తల దించుకున్నాడు. నూరు మోగింది. వరప్రసాదరావు ఆనందం పట్టలేక అమ్మమ్మ పాదాలు తాకాడు. ఇక లూర్దమ్మ చెయ్యెత్తుతుందని అందరూ చూశారు. ఆవిడ చూపు చెల్లెలి మీదే ఉంది.

నూట పదీ దాటింది. జ్ఞానయ్య చెయ్యి మార్చాడు. రత్తయ్య తల మళ్లీ పైకి లేచింది. "ధాత కరువు నాటికే మా పిన్నికి మనవలున్నారేమో," అన్నాడు. వెనకాల ఎవరో కిసుక్కుమన్నారు. అయ్యగారు దగ్గారు. నూరేళ్లు కోరుకున్న వరప్రసాదరావుకి ఇప్పుడు ఆ గంట ఎలాగైనా ఆగితే బాగుండుననిపించింది. నూట ముప్ఫై దాటేసరికి ఇక ఆగలేక లూర్దమ్మ చెవి దగ్గర వంగాడు.

"జనం నవ్వుతున్నారు, ఇక ఆపమను పెద్ద అమ్మమ్మా. అసలు మా అమ్మమ్మకి ఎన్నేళ్లు?"

లూర్దమ్మ చెల్లెలి చేతిని ఇంకాస్త గట్టిగా పట్టుకుంది.

"నాకేం తెలుసురా? గంట ఆగితే దీన్ని తీసుకెళ్లిపోతారుగా."