పందెం రివాల్వర్

రివాల్వర్ టక్కుమంది. పేలలేదు.

ధనశ్రీ మాత్రం ఆ టక్కుకే ఉరికింది. మిగతా పిల్లలు గీత మీదే వంగి బిక్కమొహాలేసుకుని చూస్తున్నారు.

"తప్పు! పేలకముందే పరిగెత్తింది" అని అరిచాడు కనిగిరి డ్రిల్లు మాస్టారు. "మీ స్కూలు పిల్లని చూసీచూడనట్టు వదిలేస్తారా ఏంటి సార్?"

వీరాంజనేయులు మాస్టారికి తల కొట్టేసినట్టయింది. తొంభై తొమ్మిదిలో అద్దంకి గ్రౌండులో జరిగిన ఆ జిల్లా పరుగు పోటీల్లో, రివాల్వర్ పేల్చి పందెం మొదలుపెట్టే పని ఆయనది. ధనశ్రీ ఆయన శిష్యురాలే. నోరు మూసుకుని ఆమె మీద తప్పు రాయించాడు.

ఆ రోజుల్లో ఒక్క తప్పుకే మాఫీ. రెండోది పడితే బయటికి నడవాల్సిందే. రాష్ట్ర పోటీలకు వెళ్లేది మొదటొచ్చిన ఒక్కరే.

"ఈలేసి కానివ్వండి సార్" అన్నారెవరో.

"ఎట్టా కానిస్తానయ్యా? అవతల గీత దగ్గరోళ్లు పొగ చూసి వాచీలు నొక్కాలి. ఈలకి తీసిన టైము పైన ఒప్పుకోరు."

కాస్త గడువడిగి, టెంటు నీడలో కూర్చుని రివాల్వర్ని అటూ ఇటూ తిప్పాడు. చప్పుడుకు తప్ప ఎందుకూ కొరగాని, గుండు లేని తూటాల రివాల్వర్ అది. ఎందుకు పేల్లేదో ఒక్క ముక్క అర్థమైతే ఒట్టు.

"ఓసారి ఇటిస్తారా సార్?"

ఖాకీ చొక్కా తొడుక్కున్న ఓ పెద్దాయన, చేతిలో సంచితో నిలబడి ఉన్నాడు.

"ఎవరయ్యా నువ్వు? ఇదేమన్నా ఆటబొమ్మా? పో అవతలికి!"

"తాళాలు, స్టవ్వులు బాగుచేసుకునేవాణ్ణి సార్. ఇందాకటి టక్కు విన్నా. తూటాలుండే సిలిండర్ వదులైనట్టుంది."

"అయితే నీకెందుకు?"

పెద్దాయన కదల్లేదు. "ఆ పిల్ల నిజంగా తప్పు చేసిందంటారా?"

మాస్టారికి ఏడుపొక్కటే తక్కువ. "దాని తప్పేం లేదయ్యా! ఈ దరిద్రపుది పేలక చచ్చింది. ఇంకోసారి టక్కుమందంటే మా పిల్ల నోట్లో మట్టే. పోటీలకెళ్లేది కనిగిరి నజీరానే."

పెద్దాయన కాసేపు నేల చూపులు చూశాడు.

"మరైతే ఇటివ్వండి."

ఏమనుకున్నాడో ఏమో, మాస్టారు తూటాలు తీసేసి రివాల్వర్ ఇచ్చేశాడు.

పెద్దాయన సిలిండర్ని బొటనవేలితో నెట్టి చూశాడు. ముందుకీ వెనక్కీ ఆడింది.

"చూశారా? వెనక దెబ్బ పడగానే ఇది ముందుకు జరుగుతోంది. తూటా అంచుకి గట్టిగా తగిలితేగా పేలేది?"

సంచిలోంచి సన్నటి వాషర్ తీసి, సిమెంటు గట్టు మీద అరగదీసి, సిలిండర్ ఇరుసుకు తొడిగాడు. బిగుసుకుపోయింది. మళ్లీ తీసి ఇంకాస్త అరగదీశాడు. ఈసారి తేలిగ్గా తిరిగింది, ముందుకీ వెనక్కీ మాత్రం ఆడలేదు. తూటా గదులన్నీ ఒక్కొక్కటే తిప్పి చూశాడు.

"ఇక మోసం చెయ్యదు సార్" అని ఆయన చేతిలో పెట్టాడు.

రివాల్వర్ ఢామ్మంది.

పిల్లలు ఉరికారు. ధనశ్రీ, నజీరా నువ్వా నేనా అన్నట్టు పక్కపక్కనే పరిగెత్తారు. చివర్లో ధనశ్రీ దారం తెంపింది. వెంట్రుకవాసి తేడా!

మాస్టారు వయసు మరచి గంతులేశాడు. శిష్యురాలి వీపు తట్టి తట్టి చెయ్యి నొప్పెట్టాక గానీ పెద్దాయన గుర్తుకు రాలేదు.

"అయ్యయ్యో, కసురుకున్నానే గానీ కాసిని టీ నీళ్లయినా పోయించలేదే!"

గ్రౌండంతా వెతికాడు. గేటు దాకా పరిగెత్తాడు. అప్పుడే బస్సు కదిలి వెళ్లిపోతోంది. కిటికీలో ఖాకీ చొక్కా కనబడింది. కేకేసినా వినబడలేదు.

గేటు దగ్గర కనిగిరి డ్రిల్లు మాస్టారు మొహం గంటు పెట్టుకుని నిలబడి ఉన్నాడు.

"సార్, ఆ ఖాకీ చొక్కా పెద్దాయన ఎవరో మీకేమన్నా తెలుసా?"

"తెలియకేం, బుడాన్ గారు... ఇందాక మీ పిల్ల చేతిలో ఓడిపోయిన మా నజీరా వాళ్ల తాత."